కుక్కలున్న ఇంట్లో లేతరంగు టైల్ సందులు

నేల మీద పరిచిన రెండు టైల్స్ మధ్య మిగిలే సన్నటి సందును పూడ్చే ముద్దను గ్రౌట్ అంటారు. తెలుగు ఇళ్లలో ఇప్పటికీ చాలాచోట్ల ఈ పనికి వాడేది వైట్ సిమెంటే. మేస్త్రీ దాన్ని నీళ్లలో జారుగా కలిపి సందుల మీద పోసి, రబ్బరు ముక్కతో లోపలికి నెట్టి, పైపైన గుడ్డతో తుడిచేస్తాడు. టైల్ షాపుల్లో జాయింట్ ఫిల్లర్ పేరుతో ప్యాకెట్లలో దొరికే సరుకు దీనికంటే మెరుగు. అందులో సిమెంటుతో పాటు సన్నని ఇసుకో రాతిపొడో, రంగుపొడి, కొద్దిగా పాలిమర్ ఉంటాయి. పేరేదైనా రెండింటికీ ఆధారం సిమెంటే. క్రీం, ఐవరీ, తెలుపు టైల్స్‌కు నప్పుతుందని ఎంచుకున్న లేతరంగు గ్రౌట్ ఏడాది తిరిగేసరికే మసకబారుతుంది. కుక్క తిరిగే ఇంట్లో ఆ మార్పు ఇంకా తొందరగా వస్తుంది, నింద కుక్క మీద పడుతుంది. మురికిని ఇంట్లోకి తెచ్చేది కుక్కే కావచ్చు. దాన్ని సందుల్లోకి దింపేది మాత్రం చాలావరకు ఇల్లు తుడిచే నీళ్లు. ఈ ఒక్క సంగతి అర్థమైతే గ్రౌట్ సంరక్షణలో సగం పని తేలికవుతుంది.

సందు నీళ్లు ఎందుకు తాగుతుంది

టైల్‌కూ గ్రౌట్‌కూ ఉన్న తేడా నీటి దగ్గర బయటపడుతుంది. విట్రిఫైడ్ టైల్‌ను దాదాపు 1,200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. ఆ వేడికి మట్టిలో కొంత భాగం కరిగి, గాజులా మారి, రేణువుల మధ్య ఖాళీలను మూసేస్తుంది. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఈ రకం టైల్ తన బరువులో 0.5 శాతానికి మించి నీరు పీల్చకూడదు. గోడలకు వాడే మామూలు సెరామిక్ టైల్ 10 శాతం దాటి పీలుస్తుంది, దాన్ని కాపాడేది పైనున్న గ్లేజు పూత. గ్రౌట్‌ను కొలిమిలో కాల్చరు, దాని మీద పూతా ఉండదు.

సిమెంటు గట్టిపడేది నీరు ఆరిపోవడం వల్ల కాదు, నీటితో రసాయనిక చర్య జరపడం వల్ల. ఆ చర్యలో కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే బంక పదార్థం పుట్టి రేణువులను పట్టి ఉంచుతుంది. దాని పక్కనే కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మనకు తెలిసిన తడిసున్నం, స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఈ చర్యలో కలిసిపోయే నీరు సిమెంటు బరువులో దాదాపు నాలుగో వంతు. పని సాగడానికి అంతకంటే ఎక్కువే పోయాలి. వైట్ సిమెంటును పాలలాగా కలిపితే అవసరానికి ఎన్నో రెట్లు నీరు చేరుతుంది. మిగిలిన ఆ నీరు తరవాత ఆవిరైపోతుంది, అది ఉన్న చోటల్లా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి కంటికి కనిపించని సన్నటి గొట్టాల అల్లికగా తయారవుతాయి. పని త్వరగా ముగించాలని, ఇంకా పచ్చిగా ఉన్న గ్రౌట్‌ను నీళ్లోడుతున్న స్పాంజితో తుడిస్తే పైపొరలోని సిమెంటు కూడా కొట్టుకుపోతుంది. ఏళ్ల తరబడి ఇంటివాళ్లు పడే అవస్థకు మూలం ఆ ఒక్క పూట పనిలో ఉంటుంది.

ఈ తాగే గుణాన్ని కొలవడానికి ఐఎస్ఓ 13007 అనే ప్రమాణం ఉంది. నిర్ణీత కొలతలతో పోతపోసిన గ్రౌట్ దిమ్మెను నీటిలో నిలబెట్టి, నాలుగు గంటల తరవాత తూచి, ఎంత బరువు పెరిగిందో చూస్తారు. మామూలు సిమెంట్ గ్రౌట్‌కు 10 గ్రాముల దాకా అనుమతి ఉంది. తక్కువ నీరు పీల్చే రకమని చెప్పుకోవాలంటే 5 గ్రాములు దాటకూడదు. ఎపాక్సీ లాంటి రెజిన్ గ్రౌట్‌కు హద్దు 0.1 గ్రాము. ఎపాక్సీ అమ్మేవాళ్లు చెప్పే గొప్పలన్నిటి వెనక ఉన్న అసలు సంగతి ఈ నూరు రెట్ల తేడా.

సన్నటి గొట్టంలోకి ద్రవం ఎంత వేగంగా పాకుతుందో రిచర్డ్ లూకాస్ 1918లో, ఎడ్వర్డ్ వాష్‌బర్న్ 1921లో వేర్వేరుగా లెక్కగట్టారు. ద్రవం చేరే లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుందని ఆ సూత్రం చెబుతుంది. మొదటి నిమిషంలో చేరిన లోతు తొమ్మిదో నిమిషానికి మూడింతలవుతుంది, నూరో నిమిషానికి పదింతలు. పాకే వేగం మొదట్లోనే ఎక్కువ, పోనుపోను మందగిస్తుంది. కుక్క మూత్రం పోసిన వెంటనే చూసి అద్ది తీయడానికీ, ఆఫీసు నుంచి వచ్చాక చూసి తుడవడానికీ ఉన్న తేడా ఈ లెక్కలోనే ఉంది.

తడిసిన గ్రౌట్ ఆరినదానికంటే ముదురుగా కనిపించడానికి కూడా ఈ ఖాళీలే కారణం. పొడి గ్రౌట్‌లో గాలి నిండిన రంధ్రాల అంచుల దగ్గర వెలుతురు చెదిరి, చాలా భాగం వెనక్కి వస్తుంది కాబట్టి తెల్లగా ఉంటుంది. గాలి స్థానంలో నీరు చేరితే చెదరడం తగ్గుతుంది, వెలుతురు లోపలికి పోయి ఇంకిపోతుంది. అందుకే కడిగిన వెంటనే గ్రౌట్‌ను చూసి మురికి పోయిందనో పోలేదనో తేల్చకూడదు. పూర్తిగా ఆరడానికి ఒక రోజు ఇవ్వాలి.

తడిగుడ్డ చేసే పని

చీపురుతో ఊడ్చి, ఒక బకెట్ నీళ్లలో గుడ్డో మాపో ముంచి హాలు, వంటగది, పడకగదులు వరసగా తుడవడం అలవాటైన పద్ధతి. మొదటి గది అయ్యేసరికే బకెట్‌లో నీళ్ల రంగు మారుతుంది. మూడో గదికి వచ్చేసరికి గుడ్డ చేసే పని పలచటి బురదను నేలంతా సమంగా పూయడం. టైల్ నున్నగా ఉంటుంది, గ్రౌట్ దానికంటే వెంట్రుకవాసి లోతుగా, గరుకుగా ఉంటుంది. టైల్ మీది నీళ్లు ఆ పల్లంలోకి చేరతాయి. అక్కడ గ్రౌట్ నీటిని పీల్చుకుంటుంది, నీటితో వచ్చిన మట్టి రేణువులు గరుకు నోళ్ల దగ్గర ఆగిపోతాయి. ఫ్యాన్ గాలికి నీరు ఆవిరవుతుంది, మట్టి మిగులుతుంది. మర్నాడు మళ్లీ అదే.

ఆరే నీటికి ఇంకో గుణం ఉంది. నేల మీద పడ్డ కాఫీ చుక్క ఆరితే నడుమ పలచగా, అంచున ముదురు వలయంగా మచ్చ మిగలడం అందరూ చూసిందే. అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది, ఆ లోటు పూడ్చడానికి నడిమి నీరు అంచుకు ప్రవహిస్తుంది, పోతూ పోతూ రేణువులను మోసుకుపోతుంది. రాబర్ట్ డీగన్, ఆయన సహచరులు 1997లో ఈ ప్రవాహాన్ని వివరించారు. టైల్ మీద మిగిలిన నీటి పొర ఆరేటప్పుడు దాని అంచు చాలాసార్లు సందు దగ్గరే ఉంటుంది.

దీనికి విరుగుడు ఖరీదైన మందు కాదు, పని వరస మార్చడం. తడి తగలకముందే పొడి మురికి వీలైనంత పోవాలి. కుక్క వెంట్రుకలు, ఎండిన మట్టి, పొట్టు చీపురుకు చిక్కకుండా ఎగిరి సందుల్లో కూర్చుంటాయి, వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే అక్కడివి కూడా లాగేస్తుంది. తరవాత రెండు బకెట్లు కావాలి: ఒకటి సబ్బునీళ్లకు, ఒకటి మురికిగుడ్డ జాడించడానికి. జాడించే నీళ్లలో అడుగు కనిపించనప్పుడు మార్చెయ్యాలి. గుడ్డను గట్టిగా పిండాలి. చివరగా పొడి మైక్రోఫైబర్ గుడ్డతో నేల మీద మిగిలిన తడిని ఎత్తేయాలి. ఎక్కువమంది మానేసేది ఈ ఆఖరి పని, ఎక్కువ మేలు చేసేదీ ఇదే. నీటిలో కరిగిన మురికి గుడ్డలోకి పోవాలి, గ్రౌట్‌లో ఆరకూడదు.

సబ్బుద్రవం ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రమనే నమ్మకం కూడా గ్రౌట్‌కు చేటే. మిగిలిపోయిన డిటర్జెంటు జిగురు పొరలా ఆరి, మర్నాటి దుమ్మును పట్టుకుంటుంది. బోరు నీళ్ల ఇళ్లలో ఇది ఇంకా ఎక్కువ. ఆ నీటిలోని కాల్షియం మామూలు సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారుతుంది, అది గ్రౌట్ గరుకులో అతుక్కుంటుంది. అలాంటి చోట సబ్బు కాకుండా డిటర్జెంటు, అదీ సీసా మీద రాసిన కొలతకు మించకుండా వాడి, మంచినీళ్లతో ఇంకొకసారి తుడవాలి.

కుక్క తెచ్చే మురికి ఒకటి కాదు

గ్రౌట్ మీది మరకలన్నీ ఒకే మందుకు లొంగుతాయనుకోవడం వల్లే సగం శ్రమ వృథా అవుతుంది. మట్టి, చర్మపు నూనె, మూత్రం, తిండి, బూజు వేటికవే వేరు.

మట్టి మరకలో ప్రధానమైనవి బంకమన్ను, ఐరన్ ఆక్సైడ్. తెలంగాణ చల్కా నేలల ఎరుపుకు కారణం ఈ ఐరన్ ఆక్సైడే. బంకమన్ను రేణువులు రెండు మైక్రాన్ల కంటే చిన్నవి, వాటి మీద రుణావేశం ఉంటుంది. నీటిలో గాని గ్రౌట్‌లో గాని ఉండే కాల్షియం అయాన్లు ఆ ఆవేశాన్ని తటస్థపరచి రేణువులను గుంపులు చేస్తాయి, ఆ గుంపులు గ్రౌట్‌ను అంటుకుంటాయి. ఎర్రమట్టి మరక మీద బ్లీచ్ పోస్తే ఏమీ జరగదు. బ్లీచ్ పని రంగు అణువులను ఆక్సీకరించి విరగ్గొట్టడం. ఐరన్ ఆక్సైడ్‌లోని ఇనుము అప్పటికే ఆక్సీకరణం చెంది ఉంటుంది. ఇక్కడ పనికొచ్చేవి డిటర్జెంటు కలిపిన గోరువెచ్చని నీళ్లు, నైలాన్ బ్రష్, వదులైన మట్టిని వెంటనే ఎత్తే గుడ్డ. ఇనుప తీగల బ్రష్ అసలు వాడకూడదు. తెగిన తీగ ముక్కలు సందులో ఇరుక్కుని తుప్పు పట్టి కొత్త మరకలు పెడతాయి.

మట్టిని గుమ్మం దగ్గరే ఆపడం అన్నిటికంటే చౌక. కుక్క పాదంలో మెత్తలకంటే వాటి మధ్య పెరిగే వెంట్రుకలు ఎక్కువ బురద మోస్తాయి. మెత్త మీది మట్టి నాలుగడుగుల్లో రాలిపోతుంది, వేళ్ల మధ్య తడివెంట్రుకల్లోది ఇల్లంతా తిరుగుతుంది. ఆ వెంట్రుకలను మెత్తల మట్టానికి కత్తిరించి, గుమ్మం దగ్గర ఒక వెడల్పాటి గిన్నెలో నీళ్లు, పక్కన తువ్వాలు పెట్టి, పాదాలు ముంచి వేళ్ల మధ్య తడి లేకుండా తుడిస్తే చాలు. వేళ్ల మధ్య తడి మిగిలితే కుక్కకు అక్కడ చర్మం చెడుతుంది కాబట్టి తుడవడం దానికీ మంచిది.

చర్మపు నూనె మరక నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఎవరూ కనిపెట్టరు. కుక్క రోజూ పడుకునే చోట, తలుపు పక్కన, సోఫా ముందు, గ్రౌట్ కాస్త ముదురుగా, జిడ్డుగా ఉంటుంది. కుక్క చర్మం నుంచి ఊరే మైనంలాంటి కొవ్వులు వెంట్రుకలకు పట్టి ఉంటాయి, ఒత్తిడికి గ్రౌట్‌లోకి ఇంకుతాయి, దుమ్మును పట్టి ఉంచుతాయి. కొవ్వుకు క్షారం విరుగుడు. వంటసోడా క్షారగుణం స్వల్పం, దాని పీహెచ్ 8 చిల్లర. బట్టలసోడా పీహెచ్ 11 దాకా ఉంటుంది కాబట్టి జిడ్డు మీద బాగా పనిచేస్తుంది, చేతికి తొడుగు మాత్రం తప్పనిసరి. పడుకునే చోట ఉతకగలిగే దుప్పటి పరిస్తే ఈ మరకే రాదు.

మూత్రం సంగతి కొంచెం వివరంగా చూడాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్క రోజుకు కిలో బరువుకు 20 నుంచి 40 మిల్లీలీటర్ల మూత్రం పోస్తుంది. ఇరవై కిలోల కుక్కకు అది అర లీటరు అటూఇటూ. అందులో ఎక్కువ భాగం నీరు, తరవాత యూరియా, లవణాలు, పసుపు రంగునిచ్చే పదార్థాలు. తాజా మూత్రం వాసన అంతగా కొట్టదు. యూరియేజ్ అనే ఎంజైము ఉన్న బాక్టీరియా యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విరగ్గొట్టాక ఘాటు మొదలవుతుంది. తమ్మకాయకు దగ్గరి చుట్టమైన జాక్ బీన్ గింజల నుంచి 1926లో జేమ్స్ సమ్నర్ స్ఫటికాలుగా వేరుచేసింది ఈ యూరియేజ్‌నే, ఎంజైములు ప్రొటీన్లని రుజువైంది దానితోనే. ఆయనకు 1946లో నోబెల్ బహుమతి వచ్చింది. గ్రౌట్ లోపలి క్షారగుణం అమ్మోనియాను నీటిలో నిలవనివ్వదు, వాయువుగా బయటికి తోస్తుంది. అందుకే ఒకే మోతాదు మూత్రం టైల్ మీదకంటే సందులో ఎక్కువ కంపు కొడుతుంది.

వానాకాలంలో, కోస్తా ఊళ్లలో అయితే ఏడాదిలో చాలా నెలలు, పాత మరకల కంపు మళ్లీ లేస్తుంది. ఎండిన మూత్రంలోని లవణాలు గాలిలో తేమను పీలుస్తాయి. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే కరిగి నీరవుతుంది. అలా తడిసిన చోట బాక్టీరియా మళ్లీ పని మొదలుపెడుతుంది. కుక్క కొత్తగా పాడు చేసిందని దాన్ని కొట్టేవాళ్లున్నారు. అది అన్యాయం, కంపు ఆరు నెలల కిందటిది కావచ్చు.

మార్కెట్లో కొన్ని ద్రవాల మీద యూరిక్ యాసిడ్ స్ఫటికాలను కరిగిస్తామని రాసి ఉంటుంది. కుక్క మూత్రానికి ఆ మాట అంతగా వర్తించదు. మనుషుల్లో లేని యూరికేజ్ అనే ఎంజైము కుక్కల కాలేయంలో ఉంటుంది. అది యూరిక్ యాసిడ్‌ను నీటిలో తేలికగా కరిగే అల్లాంటాయిన్‌గా మార్చేస్తుంది. మచ్చల డాల్మేషియన్ దీనికి మినహాయింపు. ఒక జన్యులోపం వల్ల దాని కాలేయ కణాల్లోకి యూరిక్ యాసిడ్ సరిగా చేరదు, మూత్రంలోనే బయటికి పోతుంది. బుల్‌డాగ్‌లలోనూ కొన్నింటికి ఈ లోపం ఉంది. మిగతా జాతులున్న ఇళ్లలో ఎంజైము ద్రవం కొనేటప్పుడు యూరిక్ యాసిడ్ మాటను కాకుండా, ఎంతసేపు తడిగా ఉంచమన్నారో చూడాలి.

మూత్రం కనిపించగానే గుడ్డతో పక్కకు లాగి తుడిస్తే అది సందు వెంట పాకి, నాలుగు టైల్స్ చుట్టూ గీత గీస్తుంది. మీద పాత తువ్వాలు వేసి, అరచేత్తో అదిమి పీల్చనివ్వాలి. తరవాత కొద్దిగా మంచినీళ్లు పోసి మళ్లీ అద్దాలి. ఆ పైన ఎంజైము ద్రవం పోస్తే, అది మూత్రం పోయినంత లోతుకు పోయేలా ధారాళంగా పోసి, చెప్పినంతసేపు తడి ఆరకుండా మీద ప్లాస్టిక్ కాగితం కప్పాలి. పై పైన చల్లి వెంటనే తుడిచేస్తే ఏ ఎంజైమూ పనిచేయదు. ఇంత చేసినా మర్నాడు పసుపు మళ్లీ పైకి తేలవచ్చు. గ్రౌట్ ఆరేటప్పుడు లోపలి నీరు పైకి పాకుతూ రంగును తనతో తెస్తుంది. ఆ గుణాన్నే వాడుకుని పట్టు వేయవచ్చు: తెల్లటి కాగితపు తువ్వాళ్లను తడిపి, మడత పెట్టి, మరక మీద అదిమి, ఆరేదాకా వదిలేస్తే రంగు పైకి వచ్చి కాగితంలో ఆగుతుంది. మూత్రం ముట్టుకునేటప్పుడు చేతికి తొడుగు ఉండాలి. లెప్టోస్పైరా బాక్టీరియా కుక్క మూత్రం ద్వారా మనుషులకు సోకుతుంది.

తిండి గిన్నె చుట్టూ వచ్చే మరకలో పసుపు ముఖ్యం. చికెన్ ముక్కలు, బియ్యం, చిటికెడు పసుపు వేసి ఉడికించి కుక్కకు పెట్టడం చాలా ఇళ్లలో మామూలు. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. పెళ్లిలో పెట్టే పారాణి పసుపు, సున్నం కలిస్తే వచ్చిందే. కొత్త గ్రౌట్‌లో సున్నం ఇంకా ఉంటుంది కాబట్టి పసుపు మరక ఎర్రటి గోధుమరంగులో కనిపిస్తుంది. పాతబడిన గ్రౌట్‌లో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ సున్నాన్ని కాల్షియం కార్బొనేట్‌గా మార్చేసి ఉంటుంది, అక్కడ మరక పసుపుగానే ఉంటుంది. రెండూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు లొంగుతాయి, ఎండ తగిలే చోట వాటంతట అవే వెలుస్తాయి. గిన్నె కింద అంచులున్న ప్లాస్టిక్ పళ్లెం పెట్టడం అన్నిటికంటే సులువు.

కుక్కకు స్నానం చేయించే బాత్‌రూంలో నల్లటి చుక్కలు కనిపిస్తే అవి బూజు. గ్రౌట్ కొత్తగా ఉన్నన్నాళ్లు దాని క్షారగుణానికి బూజు బతకదు, ఆ గుణం తగ్గాక తేమ, సబ్బుతెట్టు, రాలిన చర్మం తిని పెరుగుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్, స్నానం తరవాత నీటిని లాగేసే వైపరు దీనికి సగం వైద్యం.

ఏది వాడాలి, ఏది వాడకూడదు

అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది యాసిడ్. బాత్‌రూంలు కడగడానికి కిరాణా కొట్లో దొరికే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను హాలు సందుల మీద కూడా పోసేవాళ్లున్నారు. పోయగానే బుసబుస నురగ వస్తుంది, తెల్లటి గ్రౌట్ బయటపడుతుంది, మురికి పోయిందని సంతోషిస్తారు. ఆ నురగ గ్రౌట్‌లోని కాల్షియం కార్బొనేట్ కరిగి వెలువడిన కార్బన్ డయాక్సైడ్. మురికి పట్టిన పైపొర కరిగిపోయి కింది పొర కనిపిస్తుందంతే. కొత్తగా బయటపడ్డ పొర ఇంకా గరుకు, దాని రంధ్రాలు ఇంకా పెద్దవి, కాబట్టి ఈసారి ఇంకా త్వరగా నల్లబడుతుంది. నాలుగైదు సార్లకు సందు లోతుగా కాలువ పడుతుంది. వెనిగర్, నిమ్మరసం సహజమైనవని వాడినా జరిగేది అదే, కాస్త నెమ్మదిగా. తాండూరు, షాబాద్, కడప బండలు పరిచిన ఇళ్లకు ఈ హెచ్చరిక రెట్టింపు వర్తిస్తుంది. అవి సున్నపురాళ్లు, యాసిడ్‌కు సందుతో పాటు బండ నునుపు కూడా పోతుంది.

క్లోరిన్ బ్లీచ్ మూత్రపు పసుపునూ బూజునూ తెల్లబరుస్తుంది గాని కుక్కలున్న ఇంట్లో దానికి ఒక ప్రమాదం ఉంది. మూత్రం మీద బ్లీచ్ పోస్తే అమ్మోనియాతో కలిసి క్లోరమైన్లు అనే విషవాయువులు పుడతాయి. యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువే వస్తుంది. మూసిన బాత్‌రూంలో ఇవి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, నేలకు దగ్గరగా ముక్కు పెట్టుకు తిరిగే కుక్కకు ముందుగా చేస్తాయి.

ఫినాయిల్ గురించి గట్టిగానే చెప్పాలి. తడిగుడ్డ బకెట్‌లో ఒక మూత ఫినాయిల్ వేయడం తరాలుగా ఉన్న అలవాటు. నల్ల ఫినాయిల్‌లో తారు నుంచి తీసిన ఫినాల్ జాతి రసాయనాలు ఉంటాయి. ఇవి చర్మాన్ని కాలుస్తాయి, కడుపులోకి పోతే విషం. కుక్క తడినేల మీద నడిచి పాదాలు నాకుతుంది, కాబట్టి నేల మీద వేసింది దాని నోట్లో వేసినట్టే. పిల్లి కూడా ఉన్న ఇంట్లో ప్రమాదం ఇంకా ఎక్కువ, పిల్లి కాలేయం ఫినాల్‌ను సరిగా వదిలించుకోలేదు. పైగా ఆ ముదురురంగు నూనె లేతరంగు గ్రౌట్‌కు తానే ఒక మరక. సువాసన ఇచ్చే ఫ్లోర్ క్లీనర్లలో చాలావాటిలో ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్ కూడా చిక్కగా ఉంటే కుక్క నాలుకను, పాదాలను మండిస్తుంది. ఏది వాడినా మంచినీళ్లతో తుడిచి, నేల ఆరేదాకా కుక్కను వేరే గదిలో ఉంచాలి.

నెలకో రెండు నెలలకో ఒకసారి లోతుగా శుభ్రం చేయడానికి సోడియం పర్‌కార్బొనేట్ మంచిది. బట్టల మరకలు పోగొట్టే ఆక్సిజన్ పొడుల్లో ఉండేది ఇదే. బరువులో దాదాపు మూడో వంతు హైడ్రోజన్ పెరాక్సైడ్, మిగతాది బట్టలసోడా, రెండూ స్ఫటికంలో కలిసి ఉంటాయి. వేడినీళ్లలో కలపగానే విడిపోయి, సోడా జిడ్డును వదిలిస్తుంది, పెరాక్సైడ్ రంగును విరగ్గొడుతుంది. చివరికి మిగిలేవి నీరు, ఆక్సిజన్, సోడా. ఆ ద్రావణాన్ని సందుల మీద పోసి పదిహేను, ఇరవై నిమిషాలు తడి ఆరకుండా ఉంచి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, వెంటనే ఎత్తేసి, రెండుసార్లు మంచినీళ్లతో తుడవాలి. కలిపిన ద్రావణాన్ని మూత బిగించి దాచకూడదు, లోపల ఆక్సిజన్ పుట్టి సీసా పగులుతుంది. రంగు గ్రౌట్ అయితే ముందు మంచం కింద ఒక మూల పరీక్షించాలి.

పూత, ఎపాక్సీ, మళ్లీ పూడ్చడం

శుభ్రపడ్డ సిమెంట్ గ్రౌట్‌కు సీలర్ పట్టిస్తే తరవాతి పని తగ్గుతుంది. మంచి రకాల్లో సిలేన్, సిలోక్సేన్ లాంటి అణువులు రంధ్రాల గోడలకు అతుక్కుని, వాటిని నీటిని విదిలించేలా మారుస్తాయి. రంధ్రం మూసుకుపోదు కాబట్టి లోపలి తేమ ఆవిరిగా పోగలదు. సీలర్ మరకను పూర్తిగా ఆపలేదు, తుడవడానికి వ్యవధి ఇస్తుంది. అది ఉందో అరిగిందో తెలుసుకోవడానికి ఒక నీటి చుక్క చాలు. చుక్క ముత్యంలా నిలబడితే ఉన్నట్టు, రెండు నిమిషాల్లో గ్రౌట్ ముదురు రంగుకు తిరిగితే మళ్లీ పట్టించాలి. కుక్క ఎక్కువగా తిరిగే దారిలో ముందుగా అరుగుతుంది. మురికి గ్రౌట్ మీద సీలర్ వేస్తే మురికి కూడా లోపలే ఉండిపోతుంది.

కొత్తగా టైల్స్ వేయించేవాళ్లకు కుక్క ఉంటే ఎపాక్సీ గ్రౌట్ ఖరీదుకు తగినదే. అది నీరు తాగదు, మూత్రం పైనే ఉండిపోతుంది. కలిపిన కాసేపటికే గట్టిపడుతుంది కాబట్టి చేయి తిరిగిన పనివాడు కావాలి. టైల్ మీద మిగిలిన పొరను సమయానికి తుడవకపోతే తరవాత గీకినా పోదు. నేరుగా ఎండ పడే బాల్కనీలో తెల్ల ఎపాక్సీ పచ్చబడవచ్చు. ఏ గ్రౌట్ అయినా పాలతెలుపు కంటే లేత బూడిద, ఇసుక రంగు ఎంచుకుంటే ఊరి మట్టి రంగుకు దగ్గరై మచ్చ కనబడటం తగ్గుతుంది. అసలు సందే లేకుండా టైల్స్ ఆనించి వేయించడం పరిష్కారం కాదు. మిల్లీమీటరైనా లేని ఖాళీలోకి గ్రౌట్ లోతుకు దిగదు, పైపైన పొరలా నిలిచి రాలిపోతుంది, మూత్రం నేరుగా టైల్ అడుగుకు చేరుతుంది.

రాలిపోయిన గ్రౌట్‌ను వదిలేయకూడదనడానికి కుక్కలున్న ఇంట్లో ఇంకో కారణం పిడుదులు, కొన్నిచోట్ల గోమార్లంటారు. కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు కడుపునిండా రక్తం తాగాక కుక్క మీద ఉండదు. రాలిపడి, గోడవారనున్న పగుళ్లు, స్కర్టింగ్ వెనక, ఖాళీ సందులు వెతుక్కుని, అక్కడ వేల గుడ్లు పెట్టి చస్తుంది. కుక్కకు మందు వేసినా పిడుదులు మళ్లీ మళ్లీ రావడానికి ఇది పెద్ద కారణం. సందులు నిండుగా ఉంటే వాటికి దాక్కునే చోటు తగ్గుతుంది.

పాడైన గ్రౌట్ మీదే కొత్తది పూస్తే నిలవదు. గ్రౌట్ రంపంతోనో, కంపించే చిన్న మిషన్‌తోనో పాతదాన్ని టైల్ మందంలో మూడింట రెండు వంతుల లోతుకు తీసేయాలి, దుమ్ము లాగేయాలి. మూత్రం బాగా ఇంకిన చోట ఎంజైము ద్రవం పోసి ఆరనిచ్చాకే కొత్తది నింపాలి. ప్యాకెట్ మీద రాసినంత నీళ్లే కలపాలి, కలిపాక జారుగా లేదని ఇంకో గ్లాసు పోయకూడదు. నింపిన తరవాత స్పాంజిని గట్టిగా పిండి, సందుకు అడ్డంగా, మూలవాటంగా తుడవాలి. సందు వెంట తుడిస్తే గ్రౌట్ లాగేసుకుపోతుంది. పచ్చి సిమెంటు పీహెచ్ 12 దాటి ఉంటుంది, కుక్క పాదాల మెత్తలను, నాలుకను కాల్చగలదు, కాబట్టి అది గట్టిపడేదాకా ఆ గదిలోకి రానివ్వకూడదు. సీలర్ పట్టించడానికి తయారీదారు చెప్పిన గడువు ఆగాలి. తొందరపడి ముందే పట్టిస్తే లోపలి తడి వల్ల అది రంధ్రాల్లోకి సరిగా దిగదు.